తలకట్టు ఊడిన 'హక్కు'

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. చేతిపని నేర్చుకునే వాళ్ళకి పనికొస్తుంది.

మాది తిరువూరు దగ్గర తండా. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు మామ వడ్రంగి షెడ్డులో పని చేస్తా. తలుపులు, మంచాలు మామ చూసుకుంటాడు. మూలనున్న సెకండ్ హ్యాండ్ స్క్రోల్ సా మాత్రం నాది. అది చూడటానికి కుట్టు మిషన్ లాగా ఉంటుంది. సూది బదులు సన్నటి రంపం బ్లేడు పైకీ కిందికీ ఆడుద్ది. చెక్కని చేత్తో తిప్పుతూ అక్షరాలు, బొమ్మలు కోస్తాం.

ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి హాస్టల్ సీనియర్లు 20 మెమెంటోలు చెప్పారు. చెక్క మీద 'చదువు మన హక్కు' అని అక్షరాలు కోసి అతికించాలి. "బయట షాపుకి ఎందుకు, మనోడే చేస్తాడు" అని నమ్మి అడ్వాన్సు ఇచ్చారు. ఆ డబ్బు మొత్తం ప్లైవుడ్‌కే పెట్టేశా.

మొదటి రోజే తేడా కొట్టింది. పైన గీత నీట్‌గానే ఉంది, తిప్పి చూస్తే అడుగున పేళ్ళు లేచి చిరిగినట్టుంది. ఇంకో బాధ 'హ' అక్షరంతో. దాని తలకట్టు ఒంటికి అంటదు కదా, విడిగా కోయాలి. కోసిన ప్రతిసారీ టేబుల్ రంధ్రంలోంచి కిందికి జారిపోయేది. టార్చి పట్టుకుని పొట్టులో వెతికితే దొరికేది సగం విరిగిన ముక్క. తలకట్టు లేని 'హ'తో హక్కు ఎట్టా రాస్తాం?

అంతకు ముందు ఒక షాపులో పని అడగటానికి వెళ్తే, "మీవాళ్ళకి సన్నపని ఎక్కడ వస్తదయ్యా" అన్నారు. ఆ రాత్రి నిజమేనేమో అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, అడ్వాన్సు ఎలా తిరిగివ్వాలా అని కూడా లెక్క వేసుకున్నా.

పొద్దున రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపి ముద్ద చేసి, లేచిన పేళ్ళ మీద పూస్తున్నా. విజయవాడ రోడ్డులో వచ్చే కొండపల్లిలో, తెల్లపొణికి బొమ్మల ముక్కలు అతకడానికి వాడేది అలాంటి మక్కే. మామ చూసి, "అది అతకడానికిరా, తప్పు దాచడానికి కాదు. బ్లేడు మార్చావా?" అన్నాడు.

"రెండుసార్లు మార్చా మామా."

"మరైతే ప్లగ్ పీకి, చెక్క కింద ఏముందో వేలు పెట్టి చూడు."

చూస్తే ఏమీ లేదు! బ్లేడు చుట్టూ బొటనవేలు పట్టేంత రంధ్రం. బ్లేడు మార్చుకోవడానికి, టేబుల్ వాల్చుకోవడానికి కంపెనీవాళ్ళు అంత వదులుతారు. కానీ బ్లేడు పళ్ళు కిందికి చూస్తుంటాయి, కోత కిందికి దిగేటప్పుడే పడుద్ది. అడుగున ఆనిక లేకపోతే నార తెగదు, చిరుగుద్ది. అరిటాకుని గాల్లో పట్టుకుని కోస్తే చిరుగుద్ది, పీట మీద పెట్టి కోస్తే తెగుద్ది. అంతే తేడా.

చేసిన పని ఇది. పాత సన్‌మైకా అతికించిన 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కని టేబుల్ సైజుకి కోశా. నున్నటి వైపు పైకి పెట్టి, అంచు నుంచి మధ్య దాకా అదే మెషిన్‌తో కోసుకుంటూ వెళ్ళి ఆపేశా. ప్లగ్ పీకి, ముక్కని అక్కడే కదలకుండా డబుల్ సైడ్ టేపుతో టేబుల్‌కి అతికించా. ఇప్పుడు రంధ్రం బ్లేడు మందమే. పైన కొవ్వొత్తి రుద్ది గుడ్డతో గట్టిగా తుడిస్తే చెక్క జారుతూ తిరుగుద్ది. ఇంకో లాభం, టేబుల్ కాస్త ఎత్తు పెరిగింది కాబట్టి బ్లేడులో అరగని పళ్ళు కొన్ని పనిలోకి వస్తాయి.

మూలమట్టం పెట్టి బ్లేడు నిటారుగా ఉందో లేదో కూడా చూసుకోండి. మూలమట్టం లేకపోతే, మందపాటి చెక్క అంచున చిన్న గాటు పెట్టి, మెషిన్ ఆపి, ఆ గాటుని బ్లేడు వెనకవైపుకి తీసుకెళ్ళండి. బ్లేడు గాట్లోకి సాఫీగా దిగితే 90 డిగ్రీలు సరిగ్గా ఉన్నట్టే. అడుగున పళ్ళు పైకి తిరిగి ఉండే రివర్స్ టూత్ బ్లేడు దొరికితే ఇంకా మంచిది. కళ్ళద్దాలు, మాస్కు మాత్రం మర్చిపోవద్దు.

ఆ తర్వాత కోసిన మొదటి 'హ' తలకట్టు కింద పడలేదు. టేబుల్ మీదే, నా కళ్ళ ముందే ఆగింది. పాడైన ప్లైవుడ్ డబ్బు నా జేబులోంచే పోయింది, కానీ 20 మెమెంటోలూ టైముకి ఇచ్చా.

ఒకటి ఇంటికి తీసుకెళ్ళి చూపించా. యాడికి చదువు రాదు. అక్షరాల అంచుల మీద వేలు పెట్టి మెల్లగా తడిమింది. "ఎక్కడా గుచ్చుకోలేదురా" అంది.

నా చేతులకి పని రాదని నమ్మేసేవాణ్ణే. లోపం చేతుల్లో లేదు, కింద ఆనిక లేదు. మనలో ఎవరైనా మార్కులు తగ్గి, పని చెడి "నా వల్ల కాదు" అనుకుంటుంటే, ముందు కింద ఏముందో ఒకసారి చూడండి. ఈ పని నేర్చుకోవాలనుంటే సాయంత్రం షెడ్డుకి రండి. పాత సన్‌మైకా ముక్కలు చాలానే ఉన్నాయి.