కమాను మారితే బరువు తగ్గదు



ఎనిమిదో తరగతికి బలం, పీడనం పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలోని ఉదాహరణలతో పాటు మా అన్నయ్య పికప్ ట్రక్కు సంగతి కూడా చెబుతుంటాను. పిల్లలు ఆ రోజు బెల్లు కొట్టినా లేవరు. ఈ నెల అదే సంగతి మీతో పంచుకోవాలనిపించింది.

అన్నయ్య అమెరికాలో, ఫీనిక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. అక్కడ పికప్ వెనక తొట్టిలోకి దించి బిగించుకునే చిన్న గదులు దొరుకుతాయి. క్యాంపర్ అంటారు. పడుకోవడానికి మంచం, పొయ్యి, ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు అన్నీ అందులోనే ఉంటాయి. రెండేళ్ళ క్రితం అమ్మానాన్న ఆరు నెలలు ఉందామని వెళ్ళినప్పుడు, వాళ్ళకు గ్రాండ్ కాన్యన్ చూపించాలని అన్నయ్య ఒక పాత క్యాంపర్ కొన్నాడు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. కావలసిన చోట ఆపుకుని కాసేపు నడుం వాల్చవచ్చని వాడి ఆశ.

క్యాంపర్ ఎక్కించగానే ట్రక్కు వెనక భాగం కుంగింది, ముందు భాగం పైకి లేచింది. అన్నయ్య ఇంటర్నెట్‌లో చదివి, చట్రానికీ వెనక ఇరుసుకీ మధ్య గాలి నింపే రబ్బరు బ్యాగులు బిగించాడు. కమాన్ కట్టలో అదనంగా ఒక ఉక్కు పట్టీ కూడా వేయించాడు. ట్రక్కు నిటారుగా నిలబడింది. ఫొటో తీసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందరం మెచ్చుకున్నాం.

నాన్న మాత్రం బండి కిందికి వంగి చూశారట. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో 30 ఏళ్ళు లారీల కమాన్ కట్టల పని చేసిన మనిషి. "బాగానే నిలబెట్టావు నాన్నా. మరి ఇరుసు ఎవరు మార్చారు?" అని అడిగారు.

అన్నయ్యకు వెంటనే అర్థం కాలేదు. ఇప్పుడు నా క్లాసులో పిల్లలకు అర్థమవుతోంది. కమాను బరువును తగ్గించదు. బండి ఎంత కుంగాలో మాత్రమే మారుస్తుంది. పైనున్న బరువంతా దాని గుండా ఇరుసు మీదికి, బేరింగుల మీదికి, టైర్ల మీదికి దిగాల్సిందే. ఫీనిక్స్ సముద్రమట్టానికి దాదాపు 330 మీటర్ల ఎత్తులో ఉంటే, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు 2,100 మీటర్ల ఎత్తులో ఉంటుంది. తిరుగు ప్రయాణంలో పెద్ద పెద్ద దిగుళ్ళు ఉంటాయి. అక్కడ బండిని ఆపాల్సింది బ్రేకులు, కమాన్లు కాదు.

డ్రైవర్ తలుపు తీస్తే అంచున ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు దాటకూడదో దాని మీద రాసి ఉంటుంది. అన్నయ్య ట్రక్కుకు అది 780 కిలోలు. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ కాగితం తీసుకుని కూర్చున్నారు. కంపెనీ పుస్తకంలో రాసిన ప్రకారం ఖాళీ క్యాంపర్ 540 కిలోలు. నీళ్ళు 75 లీటర్లు, అంటే 75 కిలోలు. బ్యాటరీ, గ్యాస్ సిలిండర్, జాకీలు 90. బట్టలు, వంట సామాను 60. నలుగురు మనుషులు 270. మొత్తం 1,035 కిలోలు. ఎక్కువైనది 255 కిలోలు. ఎయిర్ బ్యాగులు వేసినంత మాత్రాన స్టిక్కర్ మీది అంకె మారదు.

అప్పటికే డబ్బు ఖర్చయింది, ఫొటోకు మెచ్చుకోళ్ళు వచ్చాయి. అన్నయ్య రెండు రోజులు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదని వదిన చెప్పింది. మూడో రోజు తనే సామానంతా సర్ది, అందరినీ ఎక్కించుకుని, హైవే పక్కన లారీలను తూచే కాటా దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక్కో ఇరుసు మీద ఎంత బరువు పడుతుందో విడివిడిగా చీటీ ఇస్తారు. లెక్క దాదాపు సరిపోయింది. గ్రాండ్ కాన్యన్‌కు కారులో వెళ్ళారు, లాడ్జిలో దిగారు.

నిరుడు అన్నయ్య ఎక్కువ బరువు మోసే ట్రక్కు కొన్నాడు. అదే క్యాంపర్ ఎక్కించాడు. ఈసారి ఎయిర్ బ్యాగులు వేయించమని వీడియో కాల్‌లో చెప్పింది నాన్నే. క్యాంపర్ ఎత్తుగా ఉంటుంది కనుక మలుపుల్లో, పక్క గాలికి బండి ఊగుతుంది. ఆ ఊగుడు తగ్గడానికి పక్కకు ఒరగకుండా పట్టి ఉంచే ఇనుప రాడ్డు కూడా వేయించమన్నారు. "బరువు లెక్కలో ఉంటే కమాను సాయం చేస్తుంది. లెక్క దాటితే కమాను దాస్తుంది" అన్నారు.

ఆ మాట నాకు స్టాఫ్‌రూములో తరచూ గుర్తొస్తుంది. పేరెంట్స్ మీటింగులో "మేడమ్, ఇంకో ట్యూషన్ పెట్టించమంటారా?" అని చాలామంది అడుగుతారు. పిల్లవాడికి భిన్నాలు అర్థం కాకపోతే ట్యూషన్ మంచి సాయమే. కానీ ఉదయం స్టడీ అవర్, సాయంత్రం ఫౌండేషన్ క్లాసు, రాత్రి హోంవర్కు అయ్యాక మొదటి పీరియడ్‌లోనే కళ్ళు మూతలు పడుతున్న పిల్లలకు ఇంకో ట్యూషన్ ఏం చేస్తుంది? మార్కులు తగ్గలేదు కదా అనుకుంటాం. ఆ ట్రక్కు కూడా నిటారుగానే నిలబడింది.

పిల్లలు బండ్లు కారు. వాళ్ళ శక్తి ఏటేటా పెరుగుతుంది. తలుపు అంచున స్టిక్కర్ కూడా ఉండదు. అందుకే నిద్ర, ఆకలి, ఆట చూసి మనమే లెక్క కట్టుకోవాలి. ఒక్క బరువుకు మాత్రం అంకె ఉంది. 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం పదో తరగతి వరకు బ్యాగు, పిల్లల బరువులో 10 శాతం దాటకూడదు. 40 కిలోల పిల్లవాడికి 4 కిలోలు.

వచ్చే మీటింగుకు వచ్చేటప్పుడు దయచేసి రెండు అంకెలు రాసుకుని రండి. మీ పిల్లల బ్యాగు బరువు ఎంత, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు. మార్కుల షీటు నా దగ్గర ఉంటుంది. మూడూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకుందాం.