గంట కొట్టని ఉత్తరం

జహీరాబాద్‌లో మా వీధి మొదట్లోనే పోస్ట్‌మ్యాన్ సైకిల్ గంట వినిపించేది. నాకు ఇంటర్వ్యూ కార్డు వచ్చిన రోజు ఆయన గేటు దగ్గరే నిలబడి "మిఠాయి తినిపించాలె సార్" అన్నాడు. మా పెద్దమ్మాయికి వచ్చిన పిలుపు మాత్రం గంట కొట్టలేదు. ఈమెయిల్‌లో స్పామ్ అనే చెత్తబుట్టలో పడింది. చూసుకునేసరికి ఇంటర్వ్యూ అయిపోయి నాలుగు రోజులు!

ఆ రాత్రి పిల్ల అన్నం తినలేదు. నేను ఉక్రోషంతో తన కంప్యూటర్ ముందు కూచుని, 'ఇంటర్వ్యూ' అనే మాట ఉన్న ఏ ఉత్తరమూ స్పామ్‌లోకి పోకూడదని జీమెయిల్‌లో ఒక ఫిల్టర్ రాశాను. ఇలా నమ్మినవాళ్లను నేరుగా లోపలికి రానివ్వడాన్ని వైట్‌లిస్ట్ అంటారు. పరీక్షగా నా మెయిల్ నుంచి ఒక ఉత్తరం పంపాను. ఇన్‌బాక్స్‌లోకి వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

వారం తిరక్కుండా మరో పిలుపు వచ్చింది. ముందుగా అయిదు వేలు డిపాజిట్ కట్టాలట. నేను ఏటీఎం కార్డు జేబులో పెట్టుకుని చెప్పులు కూడా వేసుకున్నాను. అమ్మాయే ఆపింది. మీ ఫిల్టర్ వల్లే దీన్ని స్పామ్‌కు పంపలేదని ఆ ఉత్తరం పైనే రాసి ఉంది. దొంగకు తలుపు తీసింది నేనే!

"నీ ఉత్తరం ఎట్లాగూ లోపలికి వచ్చేదే నాయినా. దాంతో ఏం తెలుస్తది?" అంది.

నా ఫిల్టర్ తీసేసి తనే పరీక్ష పెట్టింది. చెల్లెలి పాత మెయిల్ చిరునామాలు రెండింటినీ స్పామ్ అని గుర్తు పెట్టింది. రెండింటి నుంచీ వచ్చినవి స్పామ్‌లో పడుతున్నాయని చూసుకున్నాకే, ఒకదాని పూర్తి చిరునామాతో ఫిల్టర్ రాసింది. మళ్లీ ఒకే ఉత్తరం రెండింటి నుంచీ పంపించింది. ఒకటి లోపలికొచ్చింది. రెండోది స్పామ్‌లోనే ఆగింది.

"రావాల్సింది వస్తే చాలదు, ఆగాల్సింది ఆగిందా అని కూడా చూడాలె" అంది.

1978 మేలో అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. మొదటి స్పామ్ అదేనంటారు. అప్పటి నుంచీ ఈ దాగుడుమూతలు సాగుతూనే ఉన్నాయి. పంపినవారి చిరునామానూ నకిలీ చేయగలరు. కాబట్టి జాబితాలో ఉన్నవాళ్లయినా సరే, డబ్బడిగితే ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే. జీమెయిల్ స్పామ్‌ను 30 రోజులకు చెరిపేస్తుంది. అందుకే ప్రతి ఆదివారం చాయ్ తాగుతూ ఇద్దరం ఆ బుట్ట వెతుకుతాం.

పోయిన నెల అమ్మాయికి ఇంకో పిలుపు వచ్చింది. ఈసారి నేరుగా ఇన్‌బాక్స్‌కే. మిఠాయి అడగడానికి పోస్ట్‌మ్యాన్ లేడుగా, నేనే అడిగాను.