గీతలో ఒదిగిన కడలి

కావ్యానికి విధించిన అష్టాదశవర్ణనలలో సముద్రవర్ణన ఒకటి. తెలుగు ప్రబంధాలలోని సముద్రం ఎప్పుడూ నిండుగా ఉంటుంది. తిమింగిలాలు, ముత్యాలు, పగడాలు, బడబాగ్ని, మింటినంటే కల్లోలాలు - కవి దేనినీ విడిచిపెట్టడు. అటువంటి వర్ణనలకు అలవాటుపడిన పాఠకుని ఎదుట నస్రీన్ మొహమ్మదీ చిత్రాన్ని ఒకదానిని ఉంచితే అతడు విస్తుపోక తప్పదు. తెల్లని కాగితం, దానిపై వెంట్రుకవాసి సన్నని నల్లని గీతలు. అల లేదు, నావ లేదు, నీలిరంగు సైతం లేదు. ఇందులో సముద్రమెక్కడ అని అతడు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

నస్రీన్ 1937లో కరాచీలో జన్మించారు. బాల్యంలోనే కుటుంబం ముంబాయికి తరలివచ్చింది. ఆ కుటుంబానికి బహ్రెయిన్‌తోనూ సంబంధం ఉండేది. మూడూ కడలి ఒడ్డు ప్రదేశాలే కావడం గమనింపదగినది. ఆమె 1954 నుండి 1957 వరకు లండనులోని సెయింట్ మార్టిన్స్ కళాశాలలోను, తరువాత పారిస్‌లోను చిత్రకళను అభ్యసించారు. ముంబాయిలోని భూలాభాయి దేశాయి సంస్థలో సుప్రసిద్ధ నైరూప్య చిత్రకారుడు గాయితొండేతో పరిచయం కలిగింది. 1972లో బరోడా విశ్వవిద్యాలయ లలితకళా విభాగంలో అధ్యాపకురాలిగా చేరారు. బరోడాకు సముద్రం లేదు. అయినా మహారాష్ట్ర తీరాన అలీబాగుకు సమీపంలో ఉన్న కిహిమ్ గ్రామపు ఇంటికి ఆమె వెళ్ళివస్తూనే ఉండేవారు.

ఆ తీరంలో ఆమె ఏమి చూశారో తెలుసుకోవడానికి ఆమె తీసిన నలుపు తెలుపు ఛాయాచిత్రాలే చక్కని ఆధారం. పోటు తగ్గి నీరు వెనుకకు మరలినప్పుడు తడియిసుకపై సన్నని చారలు మిగులుతాయి. ఒకదాని వెంట ఒకటి, ఇంచుమించు సమాంతరంగా ఆ చారలు సాగుతాయి. మరుసటి పోటు వాటిని చెరిపివేస్తుంది. మళ్ళీ కొత్తవి ఏర్పడతాయి. నీరు పోయినా దాని నడక ఇసుకలో నిలిచి ఉంటుందన్న మాట. మగ్గంమీది పడుగుదారాలను, ఫతేపూర్ సిక్రీ కట్టడాలను, రహదారులమీది గీతలను కూడా ఆమె ఇదే చూపుతో చిత్రించారు. విచిత్రమేమంటే, ఈ ఛాయాచిత్రాలను ఆమె తన జీవితకాలంలో ఎన్నడూ ప్రదర్శించలేదు.

1960లలోని ఆమె చిత్రాలలో కొమ్మలు, ఆకులు, తీరభూములు లీలగా గుర్తుపట్టదగినట్లు ఉంటాయి. క్రమంగా అవి తొలగిపోయాయి. 1970ల నాటికి కుంచె స్థానంలో సిరాకలం, పెన్సిలు, భవనాల నమూనాలు గీసేవారు వాడే పరికరాలు వచ్చి చేరాయి. మొదట గడులు, ఆ తరువాత ఏటవాలు గీతలు, చాపాలు. గీతకూ గీతకూ నడుమ ఎడం కొద్దికొద్దిగా మారుతూ పోతుంది. ఒకచోట చిక్కబడుతుంది, మరొకచోట పలచబడి కాగితపు తెలుపులో కలిసిపోతుంది. ఆ ఎడాన్ని అనుసరించి పోయే కంటికి ఆటుపోట్ల లయ తెలియకపోదు. ప్రబంధకవి సముద్రంలోని సంపదను లెక్కించాడు. ఈమె దాని శ్వాసను మాత్రం కొలిచారు. రెండవ పని మొదటిదానికంటె సులభమనుకోవడానికి వీలులేదు.

పైగా ఆ పనికి చేయి స్థిరంగా ఉండాలి. ఆమెకు అదే కరవైంది. నాడీమండలానికి సోకిన అరుదైన వ్యాధి వలన శరీరపు కదలికలు క్రమంగా అదుపు తప్పసాగాయి. నడక తడబడింది. కాని 1980లలో గీసిన చిత్రాలలో గీత వణకలేదు సరికదా, మరింత విడివడి, శూన్యంలో తేలుతున్నట్లు కనిపిస్తుంది. ఒక్క గీత గతి తప్పితే కాగితమంతా వ్యర్థమయ్యే పని అది. దానిని దేహం సహకరించని రోజులలో సాగించడానికి ఆమెకు ఎంత ఏకాగ్రత కావలసివచ్చిందో!

1990లో కిహిమ్‌లోనే, సముద్రం చెంతనే, నస్రీన్ కన్నుమూశారు. అప్పటికి ఆమె వయస్సు 53 సంవత్సరాలు. బతికుండగా కొద్దిమందికే తెలిసిన ఆ చిత్రాలు 2013లో ఢిల్లీలోను, 2016లో న్యూయార్కులోను పెద్ద ప్రదర్శనలుగా వెలువడ్డాయి. వాటిలో అధిక భాగానికి పేరు లేదు, తేదీ కూడా లేదు. ఏది ముందు గీసినదో, ఏది తరువాతిదో నిర్ణయించవలసివస్తే పరిశోధకులు ఆ గీతలనే చదువుకోవాలి.