భయానకానికి కథే ఆధారం

తెలుగు చలనచిత్రాలలో భయానక రసం చాలాకాలం హాస్యానికో, భక్తికో అనుబంధంగానే ఉండిపోయింది. దానినే ప్రధాన రసంగా స్వీకరించిన చిత్రాలలో 1992లో రాంగోపాల్ వర్మ తెలుగు, హిందీ భాషలలో రూపొందించిన 'రాత్రి' పేర్కొనదగినది. ఒక కుటుంబం కొత్తగా కాపురానికి వచ్చిన ఇల్లు, ఆ ఇంటి అమ్మాయిని ఆవహించిన ప్రేతాత్మ దాని ఇతివృత్తం.

ఈ చిత్రంలో సాంకేతిక నైపుణ్యానికి కొరత లేదు. నిశ్శబ్దంగా వెంటాడే కెమెరా, మణిశర్మ నేపథ్య సంగీతం, రేవతి నటన ప్రేక్షకుణ్ణి పట్టి కూర్చోబెడతాయి. నిర్మానుష్యమైన సినిమాహాలులో నాయిక ఒంటరిగా మిగిలిపోయే ఘట్టం చిరకాలం గుర్తుండిపోతుంది. వికృత ధ్వనులు, శూన్యగృహం, భూతదర్శనం భయానకానికి విభావాలని భరతుని నాట్యశాస్త్రం చెప్పింది. అవన్నీ ఇందులో ఉన్నాయి. లోపించినది వాటిని కూర్చే కథనసూత్రం. ఆ ఆత్మ ఎవరిది, దాని ఆగ్రహానికి కారణమేమిటి అన్న ప్రశ్న క్రమంగా బలపడి ప్రేక్షకుణ్ణి వేధించవలసింది. అలా జరగలేదు. ఓంపురి ధరించిన మాంత్రికపాత్ర ప్రవేశించిన తరువాత రహస్యం వెనుకబడి, మంత్రతంత్రాలే మిగిలాయి.

రాయపూర్, భిలాయిలలో ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగువారు ఇందుకు పోలికను దూరాన వెతకనక్కరలేదు. మన బుర్రకథకు దగ్గరి బంధువు అనదగిన పండవానీ ఛత్తీస్‌గఢ్ గ్రామాల సొత్తు. 2019లో పద్మవిభూషణ్ పొందిన తీజన్ బాయి 'దుశ్శాసన వధ' గానం చేసేటప్పుడు చేతిలోని తంబూరాయే భీముని గదగాను, దుశ్శాసనుని బాహువుగాను మారుతుంది. వెనుక తెర లేదు, దీపాల మాయ లేదు. కథ అందరికీ తెలిసినదే. అయినా శ్రోత గుండె అదురుతుంది. ద్రౌపది పరాభవం అతని మనస్సులో అప్పటికే నాటుకొని ఉండడమే ఇందుకు కారణం.

1923లో రాయపూర్‌లో జన్మించిన హబీబ్ తన్వీర్ ఇదే బలాన్ని ఆధునిక రంగస్థలానికి తెచ్చారు. ఆయన 'చరణ్‌దాస్ చోర్' నాటకంలో దొంగ పరిహాసంగా చేసిన ప్రమాణాలే చివరకు అతని ప్రాణం తీస్తాయి. ఆ ప్రమాదం ఒక్కొక్క మెట్టుగా సమీపిస్తుంటే, అంతవరకు నవ్విన ప్రేక్షకుడే కలవరపడతాడు.

భయానక చిత్రాలకు కొత్త దృశ్యభాషను చూపిన గౌరవం 'రాత్రి'కి దక్కవలసిందే. అయితే యంత్రసామగ్రి ఎంత పెరిగినా అది కలిగించగలిగేది క్షణకాలపు ఉలికిపాటు మాత్రమే. హాలు విడిచిన తరువాత కూడా వెంట వచ్చే భయం కథ నుండే పుడుతుంది. ఆ విద్యలో నేటి దర్శకులు తంబూరా పట్టిన గ్రామీణ గాయకుల వద్ద నేర్చుకోవలసినది ఇంకా చాలా ఉంది.