రెండు వైరస్‌లు ఒకే ఒంట్లో చేరితే



వచ్చే నెల చింతాద్రిపేటలో పెట్టబోయే ఆరోగ్య శిబిరంలో షుగరు, బీపీలతో పాటు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా ఉండాలని మేము కొందరం కమిటీలో అడిగాం. "మన ఇళ్ళల్లో అలాంటివి ఎవరికుంటాయండీ? పెళ్ళికి ఎదిగిన పిల్లలున్నారు, నలుగురూ ఏమనుకుంటారు?" అని పెద్దలు కొందరు నొచ్చుకున్నారు. వారి మీద గౌరవంతోనే మా మాట ఇక్కడ వివరంగా రాస్తున్నాం. కాస్త పొడుగైంది, ఓపికగా చదవండి.

"మన దగ్గర ఉండదు" అన్న మాట ఈ ఊరికి కొత్త కాదు. మన పేట నుంచి కూవం దాటితే జనరల్ ఆసుపత్రి, దాన్ని ఆనుకునే మద్రాస్ మెడికల్ కాలేజీ. 1986లో అక్కడి ప్రొఫెసర్ డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులను బయటపెట్టారు. నిర్మల గారు సేకరించిన రక్త నమూనాలను ఇంట్లో ఫ్రిజ్‌లో దాచారు. వాటిని వేలూరు సీఎంసీలో పరీక్షిస్తే ఆరుగురికి ఉన్నట్టు తేలింది. వెతికారు కాబట్టే కనిపించింది.

ఇక అసలు సంగతి. హెచ్‌ఐవీతో పాటు ఇంకో వైరస్ ఉంటే, జబ్బులు రెండు అని లెక్కపెట్టి ఊరుకుంటే సరిపోదు. మన ఒంటికి రెండంచెల కాపలా ఉంది. మొదటిది పుట్టుకతో వచ్చే సహజ రోగనిరోధక శక్తి. గంటల్లోనే పనిలోకి దిగుతుంది. వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ వదిలి చుట్టుపక్కల కణాలను హెచ్చరిస్తుంది. రెండోది శత్రువును గుర్తుపట్టి నేర్చుకునేది, దానికి రోజులు పడుతుంది. హెచ్‌ఐవీ ఈ రెండో అంచెకు ఆయువుపట్టయిన సీడీ4 కణాలను దెబ్బతీస్తుందని అందరం విన్నాం. కానీ ఇంకో వైరస్ ముందే తిష్ఠ వేసి ఉంటే మొదటి అంచె తీరే మారిపోతుంది.

జననాంగాల దగ్గర పుండ్లు తెప్పించే హెర్పిస్‌నే తీసుకోండి. అది ఉన్నవారికి హెచ్‌ఐవీ సోకే ప్రమాదం దాదాపు మూడు రెట్లు. పుండు దగ్గరికి కాపలా కణాలు పరుగెత్తుకొస్తాయి. హెచ్‌ఐవీకి కావలసినవీ ఆ కణాలే! పుండు మానాక కూడా అవి వారాల తరబడి అక్కడే ఉంటాయి. హెర్పిస్ మందు రోజూ ఇచ్చి చూసిన పెద్ద పరిశోధనల్లో పుండ్లు తగ్గాయి కానీ హెచ్‌ఐవీ సోకడం తగ్గలేదు. దానికి ఇదొక కారణం అంటారు.

హెపటైటిస్ సి ఇంకో రకం. ఇంటర్‌ఫెరాన్‌ను పిలిచే సంకేతాన్ని కాలేయ కణంలోనే తెంపేస్తుంది. హెచ్‌ఐవీ ఏమో పేగు గోడను బలహీనం చేస్తుంది. అక్కడి బ్యాక్టీరియా ముక్కలు రక్తంలో కలిసి కాలేయానికి చేరి, అక్కడి కాపలా కణాలను ఎప్పుడూ రెచ్చగొడుతూ ఉంటాయి. అందుకే రెండూ ఉన్నవారిలో కాలేయం త్వరగా గట్టిపడుతుంది.

హెపటైటిస్ బి సంగతి మాకు దగ్గరగా తెలుసు. మనవాళ్ళలోనే ఒకాయన ఏళ్ళుగా హెచ్‌ఐవీ మాత్రలు వాడుతున్నారు. వైరస్ కనిపించనంతగా తగ్గింది. "ఇంక ఎందుకు, కాలేయం పాడవుతుంది" అని ఎవరో చెబితే మానేశారు. కొన్ని వారాలకే కళ్ళు పచ్చబడ్డాయి. హెపటైటిస్ బి కూడా ఉందని ఆయనకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. టెనోఫోవిర్, లామివుడిన్ రెండు వైరస్‌లనూ అణుస్తాయి. ఉన్నట్టుండి ఆపితే హెపటైటిస్ ఎగదన్నుతుంది. ఆయన దక్కారు, కానీ ఆ నెల ఆ ఇల్లు పడ్డ అవస్థ మేము చూశాం.

ఆ వైరస్ ఉందని ముందే తెలిసుంటే ఆయన మాత్రలు ఆపేవారు కాదు. తెలుసుకుంటే దారులున్నాయి. హెపటైటిస్ బికి టీకా ఉంది. హెపటైటిస్ సి చాలామందికి మూడు నెలల మాత్రలతో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ చికిత్స ఉచితం. హెచ్‌ఐవీ మందులు 2004 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. మొదట్లో ఇచ్చిన కేంద్రాల్లో మన తాంబరం ఆసుపత్రి ఒకటి.

పరువు సంగతికి వస్తే, 2017 చట్టం ప్రకారం ఒప్పుకోలు లేకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. కాబట్టి శిబిరంలో పేర్లు పిలవద్దు, సంఘం చేతికి ఏ కాగితమూ రావద్దు. ఇష్టమున్నవారు విడిగా సలహాదారుతో మాట్లాడి చేయించుకుంటారు. శిబిరానికి రాలేనివారు 1097కి ఫోన్ చేసి అడగవచ్చు, డబ్బు పడదు.

జూలై 28 ప్రపంచ హెపటైటిస్ దినం. సునీతి గారు 2015లో కన్నుమూసింది కూడా ఆ తేదీనే. ఆదివారం కమిటీలో ఈ విషయం మళ్ళీ వస్తుంది. పెద్దలు, ముఖ్యంగా ఆడవాళ్ళు, తప్పక రండి. వద్దనేవారు కూడా వచ్చి కారణం చెప్పండి, కూర్చుని మాట్లాడుకుందాం.