దాతపేరు చెక్కిన రాయి

నడికుడికి చేరువనున్న యొక కతోలిక పాఠశాలకు క్రొత్త గది కట్టించిన దాత క్రైస్తవుడు కాడు. మా యూరి రైతు. ఆయన పేర నాపరాతి పలకపై చెక్కించుటకు నాలుగు మాటలు వ్రాసి యిండని పెద్దలు మమ్ము కోరిరి. సంస్కృతము చదివినవారము గదా యని వారి నమ్మకము. మేమును రెండు రాత్రులు సమాసములు కూర్చితిమి. ‘విద్యాదాన ధురంధరుడు’ అని వ్రాసిన పిమ్మట కలము కదలలేదు. ఆ మాటతో మాకు మేనత్త జ్ఞప్తికి వచ్చెను.

వీధి యరుగుమీద ఇసుక పోసి, మా వ్రేలు పట్టి ‘అ ఆ’లు దిద్దించినది ఆమెయే. చిన్ననాటనే భర్తను పోగొట్టుకొన్నది. మమ్ము తొలిసారి బడికి పంపిన నాడు, ఎదురు రాగూడదని తలుపుచాటున నిలిచెను. అక్షరమిచ్చిన చేయి ఆశీర్వదించుటకు పనికిరాలేదు!

కతోలిక విద్యాలయముల దాతలను తలచునప్పుడు లోకము కేథరిన్ డ్రెక్సెల్‌ను స్మరించును. ఫిలడెల్ఫియా నగరపు ధనికుని కుమార్తెయైన ఈమె (1858–1955) సన్న్యాసినియై, అమెరికాలోని ఆదివాసుల, నల్లవారి చదువులకై రమారమి రెండుకోట్ల డాలర్లు వెచ్చించెను. 2000లో పునీతురాలిగా ప్రకటింపబడెను. అట్టి దానము వందనీయమే. కాని అంత ధనములేని దాత మన గుంటూరు జిల్లాలోనే పుట్టినది.

ఫిరంగిపురమున 1822లో జన్మించిన జ్ఞానమ్మ గృహిణి, తల్లి, పిదప వితంతువు. చెన్నపట్టణమునకు చేరువనున్న కీళచ్చేరిలో 1863లో ఆడపిల్లలకు బడి పెట్టెను. అప్పటికి వీరేశలింగముగారు పదునైదేండ్ల బాలుడు. ఆయన ధవళేశ్వరమున బాలికా పాఠశాల నెలకొల్పినది 1874లో. ఆ యేడే డిసెంబరు 21వ తేదీన జ్ఞానమ్మ కన్నుమూసెను. ఆమెను మూలముగా గొన్న పునీత అన్నమ్మ సోదరీమణులు నేటికిని బడులు నడుపుచున్నారు. 2014లో ఆమెకు ‘దైవసేవకురాలు’ అను గౌరవము లభించెను. వితంతువు మూలకు ఒదిగియుండవలసిన కాలమున ఆమె బడి వాకిట నిలిచెను. ఆమె ఇచ్చినది తన్ను తానే.

మేము బిరుదమును కొట్టివేసి, దాతపేరును సంవత్సరమును మాత్రము వ్రాసి యిచ్చితిమి. గది తెరచునాడు మా మేనత్తచేత దీపము వెలిగింపవలెనని మాత్రము కోరితిమి. పెద్దలు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. బడి నడుపు సోదరీమణులు వెంటనే సమ్మతించిరి. దాతయు “నాకూ అదే ఇష్టం” అనెను. కాదన్నది మా మేనత్తయే.

“నాకెందుకురా అబ్బాయ్? పసిపిల్లల శుభం.”

మూడుదినములు బతిమాలితిమి. నాలుగవనాడు ఆమె వచ్చెను. కాని వెనుక వరుసలో కూర్చుండెను. ఒక సోదరి దిగివచ్చి చేయిపట్టి తీసికొనిపోగా, వణకుచు ఒక్క వత్తి వెలిగించెను.

ఆ రాతిపై ఆమె పేరు లేదు. ఉండవలెనని మేము కోరలేదు. చదువరులారా! బడికి గది కట్టించుట పుణ్యము. అక్షరమిచ్చిన ఆడుదానిని తలుపుచాటునుండి ఈవలకు రప్పించుట ఆ పుణ్యమునకు ఫలము. రెండవది జరుగువరకు మన శిలాఫలకములు సగము చెక్కినవే.