పొగబెట్టినా పోనివాళ్లు

సాల్ట్ లేక్ సిటీకి చుట్టాలొస్తే మనవాళ్లు మొదట తీసుకెళ్లేది టెంపుల్ స్క్వేర్‌కే. 1853లో పని మొదలుపెట్టి 40 ఏళ్లు కట్టిన మోర్మన్ల రాతి ఆలయం అక్కడ ఉంది. భూకంపాలకు తట్టుకునేలా బాగుచేద్దామని 2019 చివర్లో దాన్ని మూశారు. మూడు నెలలు తిరక్కుండానే, 2020 మార్చిలో, నిజంగానే భూకంపం వచ్చింది. శిఖరం మీది బంగారు దేవదూత చేతిలో బూర ఊడి పడింది. ఈ ముచ్చట అక్కడ ఎవరిని కదిపినా చెబుతారు.

పక్కనే ఉన్న ఫలకం సంగతి మాత్రం అంత తేలిగ్గా చెప్పరు. మోర్మన్లను ఇక్కడికి నడిపించిన బ్రిగమ్ యంగ్ విగ్రహం కింద, 1847 జులైలో ఈ లోయకు ముందుగా చేరినవాళ్ల పేర్లు చెక్కి ఉంటాయి. అందులో మూడు పేర్లు విడిగా కనిపిస్తాయి: గ్రీన్ ఫ్లేక్, హార్క్ లే, ఆస్కర్ క్రాస్బీ. వాటి పైన 'నల్ల సేవకులు' అని శీర్షిక. నిజానికి ముగ్గురూ బానిసలు. యజమానుల కోసం దారి తొలుస్తూ, యజమానులకంటే ముందే ఇక్కడికి వచ్చినవాళ్లు.

మమ్మల్ని ఊరు తిప్పినావిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దావిడ, పుట్టుకతో మోర్మన్. మీ మతంలో మీ మనసుకు దగ్గరైన మనిషి ఎవరని అడిగాను. జోసెఫ్ స్మిత్ పేరు వస్తుందనుకున్నాను. ఆయనే కదా 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో ఈ సంఘాన్ని మొదలుపెట్టింది, 1844లో ఇల్లినాయ్‌లో గుంపు చేతిలో హతమైంది. లేదంటే ఆ తర్వాత జనాన్ని ఎడారి దాటించిన బ్రిగమ్ యంగ్. వాళ్లు ప్రవక్తలు, వాళ్ల సంగతి వేరు అంటూ ఆవిడ కారును గుట్ట మీది సమాధుల తోట వైపు తిప్పింది.

అవెన్యూస్ పేటలో కొండవాలు పొడవునా పరుచుకున్న తోట అది. మతసంఘానిది కాదు, మున్సిపాలిటీది. 1,20,000కు పైగా సమాధులున్నాయి. సంఘాధ్యక్షులు చాలామంది ఇక్కడే ఉన్నారు. ఆవిడ వాళ్లెవరి దగ్గరా ఆగలేదు. నేరుగా జేన్ మానింగ్ జేమ్స్ దగ్గరికి తీసుకెళ్లింది.

జేన్ కనెటికట్ రాష్ట్రంలో పుట్టిన నల్లజాతి స్త్రీ. బానిస కాదు, స్వతంత్రురాలు. 1840ల మొదట్లో ఈ మతంలో చేరింది. 1843లో తల్లి, తోబుట్టువులతో కలిసి ఇల్లినాయ్‌లోని నావూ పట్టణానికి బయల్దేరితే, బఫలో దాకా వచ్చాక ఓడవాళ్లు ఎక్కించుకోలేదు. అక్కణ్నుంచి 800 మైళ్లు, అంటే దాదాపు 1,300 కిలోమీటర్లు, నడిచారు. చెప్పులరిగి, కాళ్లు పగిలి, నేల మీద నెత్తుటి అడుగులు పడ్డాయని ముసలితనంలో చెప్పి రాయించుకున్న ఆత్మకథలో ఉంది. దారిలో ఒకచోట, బానిసలు కారని రుజువు చూపకపోతే జైల్లో వేస్తామన్నారు. నావూలో జోసెఫ్ స్మిత్, ఎమ్మా దంపతులు ఇంట్లో చోటిచ్చారు, పనిచ్చారు. 1847 సెప్టెంబరుకల్లా ఆమె భర్తా పిల్లలతో ఈ లోయలో ఉంది.

సమాధి దగ్గర 1999లో పెట్టిన స్మారకం మీద ఒక కంచు బొమ్మ. జేన్ పొరుగింటి ఎలైజా లైమన్‌కు గోధుమపిండి ఇస్తోంది. 1849 కరువులో ఎలైజా తన డైరీలో రాసుకున్న సంగతే అది: జేన్ ఇచ్చింది రెండు పౌండ్ల పిండి, తన ఇంట్లో ఉన్నదాంట్లో ఇంచుమించు సగం.

మన టూరు గైడ్లయితే కథ ఇక్కడితో ముగించి దండం పెట్టించేవాళ్లు. పెద్దావిడ ముగించలేదు. 1852లో బ్రిగమ్ యంగ్ నల్లవాళ్లకు యాజకత్వం లేదని ప్రకటించాడు. దాంతో ఆలయంలో జరిగే ముఖ్యమైన కర్మలకు నల్లజాతి మగవాళ్లూ ఆడవాళ్లూ అందరూ దూరమయ్యారు. కుటుంబాలు మరణానంతరం కూడా కలిసి ఉండేలా ఆలయంలో ముడివేస్తారన్నది ఈ మతంలో అతిపెద్ద ఆశ. తనకూ ఆ భాగ్యం కావాలని జేన్ ఏళ్ల తరబడి నాయకులకు అర్జీలు పెట్టింది. ఎమ్మా ఒకప్పుడు తనను కూతురిగా స్వీకరిస్తామందని గుర్తుచేసింది. ప్రతిసారీ కాదన్నారు. చివరికి 1894లో ఒక దారి కనిపెట్టారు: ఆమెను జోసెఫ్ స్మిత్ కుటుంబానికి ముడివేశారు, కానీ కూతురిగా కాదు, శాశ్వత సేవకురాలిగా. ఆ తంతుకైనా ఆమెను లోపలికి రానివ్వలేదు. ఆమె బదులు మరో స్త్రీ నిలబడింది. జేన్ ఆ తర్వాతా అడుగుతూనే ఉంది. 1908లో ఆమె చనిపోతే అంత్యక్రియల్లో మాట్లాడింది సాక్షాత్తు సంఘాధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్.

ఆ నిషేధాన్ని 1978 జూన్‌లో ఎత్తేసిన అధ్యక్షుడు స్పెన్సర్ కింబాల్ సమాధి కూడా ఇదే తోటలో ఉంది. మరుసటి ఏడాది జేన్ పేరున ఆలయ కర్మలు జరిపించారు, ఆమె పోయిన 71 ఏళ్లకు. అన్నిసార్లు కాదంటే తానైతే ఎప్పుడో వెళ్లిపోయేదాన్నని పెద్దావిడ అంది. అందుకే తన లెక్కలో జేన్ ప్రవక్తలకు ఏమాత్రం తీసిపోదట.

మార్తా హ్యూస్ కానన్ సమాధి కూడా ఈ తోటలోదే. ఆమె కథలో అంత బరువు లేదు, హుషారు ఉంది. 1857లో వేల్స్‌లో పుట్టింది, 1880లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరైంది, ఏంగస్ కానన్‌కు నాలుగో భార్య అయింది. బహుభార్యాత్వంపై కేసులు పెడుతున్న రోజుల్లో, తాను పురుళ్లు పోసిన ఇళ్ల మీద తననే సాక్షిగా పిలుస్తారని పసిబిడ్డతో ఇంగ్లండుకు వెళ్లిపోయింది. 1896లో యూటా సెనేట్ ఎన్నికల్లో ఆమె డెమోక్రాట్, భర్త రిపబ్లికన్. ఆమె గెలిచింది, ఆయన ఓడాడు. అమెరికా మొత్తంలో తొలి మహిళా రాష్ట్ర సెనేటర్ ఆమే. 2024లో ఆమె విగ్రహాన్ని వాషింగ్టన్ కాపిటల్‌లో పెట్టారు. ఏంగస్‌కు ఎక్కడైనా విగ్రహం ఉందా అంటే పెద్దావిడ నవ్వి ఊరుకుంది.

ఎమిగ్రేషన్ కాన్యన్ మొదట్లోని 'దిస్ ఈజ్ ద ప్లేస్' పార్కుకు వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. వందేళ్ల పండుగకు 1947లో ఆవిష్కరించిన పెద్ద స్మారకం ఇక్కడుంది, చెక్కింది బ్రిగమ్ యంగ్ మనవడు మహొన్రై యంగ్. కింద పట్నంలో ఫలకం మీద విడిగా పడి ఉన్న ఆ ముగ్గురికీ, వాళ్లతోపాటు జేన్‌కూ 2022 జులైలో ఈ పార్కులో నిలువెత్తు విగ్రహాలు పెట్టారు. 175 ఏళ్లు పట్టింది.

ఈ పార్కులో నిలబడితే చేతిబండ్ల కథ రాకుండా ఉండదు. ఎడ్లబండి కొనే స్తోమతు లేని వలసజనం సామాను బండ్లకెత్తి తామే లాక్కుంటూ వచ్చారు. 1856 ఆగస్టు 13న నెబ్రాస్కాలోని ఫ్లోరెన్స్‌లో అలాంటి ఒక గుంపు, విల్లీ దళం, సమావేశమైంది. బయల్దేరడం ఆలస్యమైంది, ఇప్పుడు కదిలితే ముసలివాళ్లు, పిల్లలు మంచులో చస్తారు, చలికాలం ఇక్కడే గడుపుదామని దళంలోని లీవై సావేజ్ ఏడుస్తూ చెప్పాడు. పెద్దలు విశ్వాసం చాలలేదని మందలించారు. చేతులెత్తిన జనం ముందుకే అన్నారు. అయితే నేనూ మీతో వస్తాను, మీతోనే కష్టపడతాను, చావాలంటే మీతోనే చస్తాను అన్నాడాయన. 500 మందిలో దాదాపు 67 మంది దారిలో పోయారు. సావేజ్ చివరిదాకా బండ్ల వెంటే ఉన్నాడు. తనదే సరైన మాట అయిందని దెప్పలేదు. మనకు తెలియాల్సిన సంగతి మరోటుంది: ఈ సావేజ్ అంతకు మూడేళ్ల ముందు, 1853లో, మత ప్రచారానికని కలకత్తాలో ఓడ దిగి బర్మా వెళ్లినవాడు.

ఈ పట్నానికి చాలా దూరాన ఇంకో పేరుంది. హెల్ముత్ హ్యూబెనర్ 1925లో జర్మనీలోని హాంబర్గ్‌లో మోర్మన్ కుటుంబంలో పుట్టాడు. పదహారేళ్లకు దొంగచాటుగా బీబీసీ విని, హిట్లర్ అబద్ధాలను ఎండగడుతూ కరపత్రాలు టైపు చేసి పంచాడు. సంఘం పనులకని ఇచ్చిన టైపు మిషనే వాడాడు. అక్కడి సంఘ పెద్ద నాజీ పార్టీ సభ్యుడు, ప్రార్థనా మందిరం ముందు యూదులకు ప్రవేశం లేదని బోర్డు పెట్టించినవాడు. 1942 ఫిబ్రవరిలో కుర్రాణ్ని గెస్టపో పట్టుకెళ్లిన కొద్దిరోజులకే ఆయన అతణ్ని మతం నుంచి వెలివేశాడు. అక్టోబరు 27న బెర్లిన్‌లోని ప్లట్జెన్‌సే జైల్లో హెల్ముత్ తల నరికారు. అప్పటికి 17 ఏళ్లు. యుద్ధమయ్యాక ఆ వెలి పొరపాటని రాసి రద్దు చేశారు. అతని జతగాళ్లు కార్ల్ హైంజ్ ష్నిబ్బె, రూడీ వోబె జైలుశిక్షలు అనుభవించి, తర్వాత ఈ సాల్ట్ లేక్‌కే వచ్చి స్థిరపడ్డారు. అయినా 1976లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో ఈ కథను నాటకం వేస్తే, ఇక ఆడొద్దని పైనుంచి మాటొచ్చింది. ప్రభుత్వాన్ని గౌరవించమని బోధించే మతానికి ఈ కుర్రాడు ఇబ్బందికరమైన వీరుడు.

చరిత్ర రాసిన జువానిటా బ్రూక్స్ కూడా సంఘాన్ని అలాగే ఇబ్బంది పెట్టింది. నెవాడాలో పల్లెటూరి బడిపంతులమ్మగా ఉన్నప్పుడు నీఫై జాన్సన్ అనే ముసలాయన వచ్చి, తాను చూసి ఎన్నడూ చెప్పనిది రాయించాలన్నాడు. ఆమె తీరిక చేసుకుని వెళ్లేసరికి ఆయన మంచంలో ఉన్నాడు, నెత్తురు నెత్తురు అని కలవరిస్తున్నాడు. 1857 సెప్టెంబరు 11న దక్షిణ యూటాలోని మౌంటెన్ మెడోస్‌లో మోర్మన్ దండు దాదాపు 120 మంది ప్రయాణికులను చంపింది, పసిపిల్లలు 17 మందిని మాత్రం వదిలింది. ఆ ముసలాయన అందులో ఉన్నవాడు. నేరమంతా స్థానిక అమెరికన్ ఇండియన్ల మీదికి నెట్టే కథలే చాలాకాలం చెల్లాయి. ఇరుగుపొరుగు వస్తే టైపు మిషన్ మీద ఇస్త్రీ బట్టలు కప్పేసి, ఏళ్ల తరబడి పనిచేసి, జువానిటా 1950లో అసలు చరిత్రను అచ్చువేసింది. ఊళ్లో మొహం చాటేశారు, సంఘంలో బాధ్యతలివ్వలేదు. ఆమె ఆదివారం ప్రార్థన మానలేదు. 2007లో, 150 ఏళ్లకు, సంఘం తరఫున అదే నేల మీద విచారం ప్రకటించారు.

ఇక్కడ నాకొక అనుమానం. పోయినవాళ్లకు విగ్రహం పెట్టడం తేలిక, బతికున్నవాళ్లతో వేగడమే కష్టం. 1993 సెప్టెంబరులో సంఘం ఆరుగురు రచయితల మీద చర్య తీసుకుంది, ఐదుగురిని వెలివేసింది. వాళ్లలో లవీనా ఫీల్డింగ్ ఆండర్సన్ వెలివేతకు గురయ్యాక కూడా 30 ఏళ్లు తన వార్డుకు, అంటే స్థానిక సంఘానికి, ప్రతి ఆదివారం వెళ్లింది. తిరిగి బాప్తిస్మం ఇవ్వమని అడిగితే స్థానికులు ఒప్పుకున్నారు, 2019లో పైవాళ్లు ఒప్పుకోలేదు. 2023లో కన్నుమూసింది. ఆవిడ పేరెత్తగానే పెద్దావిడ కాసేపు మాట్లాడలేదు. తన పెద్దల మీద కోపం ఉందని మాత్రం దాచలేదు.

మన వైపు కథ ఇంత గొడవది కాదు, కానీ ధైర్యం అందులోనూ ఉంది. సమోవా దీవుల్లో ఉండగా ఈ మతం పుచ్చుకున్న ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి బంధువుల్లో 22 మందికి బాప్తిస్మమిచ్చారు. ఎల్సీ తండ్రి పి. శ్రీనివాసం బాప్టిస్టు బోధకుడు, మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసింది ఆయనే. దానిలోని ఎంపిక చేసిన భాగాలు 1982లో అచ్చయ్యాయి. దేశంలో తొలి స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిసిన జిల్లా లాంటిది, 2012 మేలో ఏర్పడింది హైదరాబాదులోనే.

యూటా ఐటీ కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు అమ్మానాన్నలను టెంపుల్ స్క్వేర్ చూపించి తిప్పేస్తుంటారు. అక్కడి నుంచి సమాధుల తోట కారులో కాస్త దూరమే, టికెట్ లేదు. నాలుగో అవెన్యూ, ఎన్ స్ట్రీట్ దగ్గర గేటు. తోట పెద్దది, కాబట్టి జేన్ సమాధి ఎక్కడుందో ముందే మ్యాపులో చూసుకుని వెళ్లండి.